అందమనే సిఫారసు

రోటెన్‌బుర్గ్ కోటగోడ మీద నడవడానికి టిక్కెట్టు లేదు. ఊరి ద్వారం పక్కన ఇరుకు రాతిమెట్లు ఎక్కితే చాలు. తలమీద పెంకుల చూరు, ఒకపక్క శత్రువును కనిపెట్టడానికి గోడలో వదిలిన సన్నటి కంతలు, రెండోపక్క ఊరివాళ్ళ పెరళ్ళు, ఆరేసిన బట్టలు. కాస్త పొడుగు మనిషైతే చాలాచోట్ల తలవంచుకునే నడవాలి. తూర్పు భాగానికి వచ్చేసరికి గోడలో పొదిగిన చిన్న రాతిపలకలు కనిపిస్తాయి. ఒక్కోదాని మీద ఒక పేరు. కుటుంబాలు, కంపెనీలు, క్లబ్బులు. జర్మన్ పేర్లు, అమెరికన్ పేర్లు, లెక్కలేనన్ని జపనీస్ పేర్లు. మన ఊళ్ళలో గుడి ట్యూబ్‌లైటు మీద ఎర్రరంగుతో దాత పేరు రాసి ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ దానం ఇచ్చింది గోడ, మీటర్ల లెక్కన.

ఆ పేర్లు తూర్పువైపే అంత ఒత్తుగా ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు 1945 మార్చి 31. ఆ రోజు పదహారు అమెరికన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. 306 ఇళ్ళు, తొమ్మిది బురుజులు, ఆరువందల మీటర్లకు పైగా గోడ పోయాయి. నలభైకి దగ్గరగా మనుషులు చనిపోయారు. పాత ఊరిలో దాదాపు నలభై శాతం నేలమట్టమైంది. యుద్ధం తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన చందాలతో మళ్ళీ కట్టుకున్నారు. అంటే మనం 'మధ్యయుగపు గోడ' అని ఫోటో తీసుకునేదాంట్లో కొంత భాగం మన తాతల వయసుది.

దీన్ని పట్టుకుని 'అంతా సెట్టింగే' అని పెదవి విరిచేవాళ్ళున్నారు. ఏడాది పొడవునా క్రిస్మస్ సామాన్లు అమ్మే కొట్టు, కాజా పిండిని రిబ్బన్లుగా కోసి ఉండచుట్టి వేయించినట్టుండే 'ష్నేబాల్' అనే మిఠాయి (చూపుకున్న అందం రుచికి లేదు), ప్లోన్‌లైన్ అనే చీలుదారి దగ్గర ఫోటో కోసం కట్టిన క్యూ, ఇవన్నీ చూస్తే ఆ మాట నిజమేననిపిస్తుంది కూడా. నాకు మాత్రం ఈ అసలు-నకిలీ చర్చ మీద పెద్ద ఆసక్తి లేదు. తిరిగి కట్టిన ఇళ్ళు పాతవాటికి అచ్చుగుద్దిన నకళ్ళు కావు. పైకప్పుల వాలు, ఎత్తు, వీధి తీరు నిలుపుకుంటూ సాదాగా కట్టారు. గోడ అయితే తనను ఎవరు కట్టారో ఒళ్ళంతా రాసుకుని మరీ చెబుతోంది. అందులో మోసం ఏముంది? అసలు ఈ ఊరి పాతదనమే లేమి వల్ల మిగిలింది. 1274లో చక్రవర్తికి తప్ప ఇంకెవరికీ లోబడని స్వతంత్ర నగరం అయి, బాగా బతికి, పదిహేడో శతాబ్దపు ముప్పై ఏళ్ళ యుద్ధంలో చితికిపోయింది. ఆ తర్వాత రెండువందల ఏళ్ళపాటు పాతవి కూలగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో చిత్రకారులు వచ్చి, 'ఆహా, ఎంత చక్కగా కాపాడుకున్నారు' అన్నారు.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. మిగతా అరవై శాతం ఎందుకు మిగిలింది?

1945 ఏప్రిల్ నెల. అమెరికన్ సైన్యం ఊరి దగ్గరకొచ్చింది. హిట్లర్ ఆజ్ఞ ప్రకారం ప్రతి ఊరూ ఆఖరి మనిషి దాకా పోరాడాలి. ఫిరంగులతో ఊరిని కొట్టి లోపలికి పోవడం ఆ రోజుల్లో మామూలు పద్ధతి. అమెరికా యుద్ధశాఖలో సహాయ కార్యదర్శిగా ఉన్న జాన్ మెక్లాయ్‌కి ఈ ఊరి పేరు తెలుసు. వాళ్ళమ్మ ఒకప్పుడు ఈ ఊరు చూసిందనీ, దాని అందం గురించి కొడుక్కి చెప్పేదనీ, వాళ్ళింట్లో ఈ ఊరి బొమ్మ ఒకటి ఉండేదనీ అంటారు. మెక్లాయ్ జనరల్ డెవర్స్‌తో మాట్లాడి, ఫిరంగులు వాడకుండా చూడమన్నాడు. ఆరుగురు అమెరికన్ సైనికులు తెల్లజెండా పట్టుకుని లోపలికెళ్ళారు. అక్కడి జర్మన్ అధికారి హిట్లర్ ఆజ్ఞను పక్కనపెట్టి ఊరిని అప్పగించాడు. 1948లో ఊరివాళ్ళు మెక్లాయ్‌ని గౌరవించి, తమ ఊరికి రక్షకుడన్న బిరుదిచ్చారు.

టూరిస్టులకు ఈ కథ చాలా ఇష్టం. నాక్కూడా మొదటిసారి విన్నప్పుడు ముచ్చటేసింది. ఎప్పుడో ఒక అమ్మ తెచ్చుకున్న బొమ్మ ఒక ఊరిని కాపాడిందంటే ఎవరికి బాగుండదు? రెండోసారి ఆలోచిస్తే మాత్రం మన సామెత గుర్తొస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే. రోటెన్‌బుర్గ్‌కి వడ్డించేవాడు తెలిసినవాడు. మరి మిగతా పంక్తి సంగతి?

రోటెన్‌బుర్గ్‌కు ఉత్తరాన, కారులో గంట లోపు దూరంలో వుర్ట్స్‌బుర్గ్ ఉంది. రోటెన్‌బుర్గ్ సెయింట్ యాకబ్ చర్చిలో జనం గొంతు తగ్గించుకుని చూసే కొయ్య శిల్పాల వేదిక ఉంది కదా, దాన్ని చెక్కిన టిల్మన్ రీమెన్‌ష్నైడర్ బతికిందీ, పని చేసిందీ వుర్ట్స్‌బుర్గ్‌లోనే. అందానికి లోటున్న ఊరు కాదది. 1945 మార్చి 16 రాత్రి బ్రిటిష్ విమానాలు ఇరవై నిమిషాల్లోపు దాన్ని తగలబెట్టాయి. సుమారు ఐదువేల మంది చనిపోయారు. పాత నగరం దాదాపు మొత్తం పోయింది.

అందం లేని ఊళ్ళ సంగతి ఇంకోటి. రోటెన్‌బుర్గ్‌కి దగ్గర్లోనే బ్రెట్‌హైమ్ అని ఒక రైతుల పల్లె. అదే ఏప్రిల్‌లో, అమెరికన్లు దగ్గరకొస్తున్న రోజుల్లో, చేతికి ఆయుధాలిచ్చి పంపిన కుర్రవాళ్ళు కొందరు ఆ ఊళ్ళోకి వచ్చారు. పిల్లల్తో యుద్ధమేంటని ఊరివాళ్ళు ఆ ఆయుధాలు లాక్కుని చెరువులో పారేశారు. ఎస్సెస్ మనుషులు వచ్చి ఒక రైతుకి మరణశిక్ష వేశారు. ఆ తీర్పు కాగితం మీద సంతకం పెట్టమంటే ఊరి మేయరూ, బడిపంతులూ పెట్టం అన్నారు. ముగ్గుర్నీ శ్మశానం ముందున్న చెట్లకు ఉరితీశారు. కొద్దిరోజులకే ఎస్సెస్ ఆ పల్లెలో మకాం పెట్టి తలపడితే, అమెరికన్ బాంబులకీ ఫిరంగులకీ ఊరు ధ్వంసమైంది. బ్రెట్‌హైమ్ బొమ్మ ఎవరి అమ్మా గోడకు తగిలించుకోలేదు. ఊరి భవనంలో ఆ ముగ్గురి జ్ఞాపకార్థం ఒక చిన్న ప్రదర్శనశాల ఉంది. రోటెన్‌బుర్గ్ బస్సులు అటు వెళ్ళవు.

ఇక మెక్లాయ్. ఆయన బల్లమీదికి వచ్చిన కాగితాలు రోటెన్‌బుర్గ్ గురించినవి మాత్రమే కావు. 1942లో అమెరికా పడమటి తీరం నుంచి సుమారు లక్షా ఇరవై వేల మంది జపాన్ మూలాలున్నవాళ్ళను, అందులో అత్యధికులు అమెరికా పౌరులే, ఇళ్ళూ పొలాలూ వదిలించి శిబిరాల్లో పెట్టారు. యుద్ధశాఖలో ఆ పని నడిపించినవాళ్ళలో మెక్లాయ్ ముఖ్యుడు. దశాబ్దాల తర్వాత కూడా ఆయన దాన్ని సమర్థించుకున్నాడు. 1944లో ఆష్విట్జ్‌కి వెళ్ళే రైలుదారుల మీద బాంబులు వేయమని యూదు సంస్థలు మొరపెట్టుకున్నప్పుడు, అది ఆచరణ సాధ్యం కాదనీ, కీలకమైన యుద్ధపనుల నుంచి విమానాలను మళ్ళించలేమనీ జవాబిచ్చిన ఉత్తరాల కింద సంతకం ఆయనదే. ఆ నిర్ణయం ఆయన ఒక్కడిదేనా, బాంబులు వేసి ఉంటే ఏమన్నా ఒరిగేదా అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్న విషయం. నేను దాంట్లో తీర్పు చెప్పబోవడం లేదు. నేను చూసేది ఇంతే: ఒకే మనిషి, ఒకే బల్ల. ఒక కాగితం మీద 'ఎలాగోలా కుదర్చండి', ఇంకో కాగితం మీద 'కుదరదు'.

తూర్పు గోడ మీది జపనీస్ పేర్ల ముందు నిలబడ్డప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే, ఆ పలకలు మామూలు దాతల పలకల్లా కనిపించవు.

ఆడమ్ స్మిత్ 1759లో ఒక ఊహ చేశాడు. చైనా దేశం భూకంపంలో మొత్తం మునిగిపోయిందని వార్త వస్తే యూరపులో ఒక మంచిమనిషి కాసేపు బాధపడతాడు, వేదాంతం మాట్లాడతాడు, ఆ తర్వాత హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతాడు. అదే తన చిటికెనవేలు రేపు పోతుందని తెలిస్తే మాత్రం రాత్రంతా నిద్రపట్టదు. అందరూ ఈ సగమే చెప్పుకుంటారు. స్మిత్ అక్కడ ఆగలేదు. మరి తన చిటికెనవేలు కాపాడుకోడానికి ఆ కోట్లమందిని బలివ్వమంటే ఆ మనిషి ఒప్పుకుంటాడా అని అడిగి, ఒప్పుకోడు అన్నాడు. మన జాలి కురచదే అయినా, లోపల ఇంకో చూపరి కూర్చుని ఉంటాడు, పక్షపాతం లేనివాడు. వాడు ఒప్పుకోనివ్వడు అని ఆయన నమ్మకం. మెక్లాయ్ చెడ్డవాడని నేననుకోను. రోటెన్‌బుర్గ్ అనగానే ఆయనకు ఒక వీధి, ఒక గోపురం, వాళ్ళమ్మ గొంతు మనసులో మెదిలి ఉంటాయి. ఆష్విట్జ్ అనగానే ఒక పటం మీద రైలుగీత. చూసినదాని మీద జాలి పుట్టడం ఎవరికైనా సహజమే. చూడని చోట ఆ లోపలి చూపరి లేచి నిలబడాలి. ఆఫీసు కాగితాల మధ్య వాడికి కుర్చీ ఉండదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. పక్షపాతమే తప్పంటే, రోటెన్‌బుర్గ్‌ని కాపాడ్డం కూడా తప్పేనా? అందర్నీ కాపాడలేకపోతే ఎవర్నీ కాపాడకూడదా? ఈ వాదన వినడానికి నీతిగా ఉంటుంది గానీ, దాని పర్యవసానం ఇంకో కాలిపోయిన ఊరు. బెర్నార్డ్ విలియమ్స్ అనే తత్వవేత్త, మునిగిపోతున్న ఇద్దరిలో తన భార్యను ముందు లాగిన మనిషిని నిలదీసి న్యాయసూత్రం అడగడమే అసంబద్ధం అన్నాడు. మనిషికి మమకారం ముందు, సూత్రం తర్వాత. మనం రోజూ బతికేది అలాగే కదా. కాబట్టి మెక్లాయ్ చేసిన పని మంచిదే అని నేను వెనకాడకుండా చెబుతాను. ఆ తెల్లజెండా వల్ల ఊరివాళ్ళూ బతికారు, లోపలికెళ్ళాల్సిన అమెరికన్ సైనికులూ బతికారు. ఆ మినహాయింపుకి ఇంకెవరూ మూల్యం చెల్లించలేదు.

అన్ని మినహాయింపులూ అలా ఉండవు. మెక్లాయ్ పైఅధికారి, యుద్ధశాఖ కార్యదర్శి హెన్రీ స్టిమ్సన్, 1920ల్లో క్యోటో నగరం చూశాడు. 1945లో అణుబాంబు వేయాల్సిన ఊళ్ళ జాబితాలో క్యోటో ఉంటే పట్టుబట్టి కొట్టేయించాడు. ఆలయాలు, తోటలు, వెయ్యేళ్ళ రాజధాని. కారణాలు బోలెడు, అందులో రాజకీయ కారణాలూ ఉన్నాయి. ఖాళీ అయిన జాబితాలోకి నాగసాకి వచ్చి చేరింది. ఆగస్టు 9న ముందు అనుకున్న లక్ష్యం అది కూడా కాదు, కొకురా; అక్కడ ఆకాశం మసకగా ఉండి నేల కనబడక విమానం నాగసాకి మీదికి మళ్ళింది. కంచి వెళ్ళే బస్సులో సీటు సిఫారసు లాంటిది కాదిది. ఒకరి పేరు కొట్టేస్తే ఇంకొకరి పేరు రాయాల్సి వచ్చే జాబితా. అక్కడ సిఫారసు అంటే అర్థమే మారిపోతుంది.

సిఫారసు వద్దన్న మనిషి కథ కూడా ఇదే ఊళ్ళో ఉండటం నాకు భలే ఆశ్చర్యమనిపిస్తుంది. రోటెన్‌బుర్గ్ నడిబొడ్డునుంచి తెల్లబురుజు వైపు వెళ్తే యూదుల వీధి వస్తుంది. క్రిస్మస్ కొట్టు దగ్గరున్న రద్దీలో పదోవంతు కూడా ఉండదు. దగ్గర్లోనే ఒక చిన్న తోట, గోడలో హీబ్రూ అక్షరాల సమాధిరాళ్ళు. దానికి పెట్టిన పేరు రబ్బీ మేయిర్‌ది. పదమూడో శతాబ్దంలో దశాబ్దాలపాటు ఈ ఊళ్ళో ఉండి పాఠం చెప్పాడు. ధర్మసందేహం వస్తే ఎక్కడెక్కడి యూదు సమాజాలో ఈయనకే రాసి అడిగేవి. ఆ జవాబులు ఈనాటికీ చదువుతున్నారు. 1286లో కుటుంబంతో దేశం విడిచి వెళ్ళిపోతూ దారిలో పట్టుబడ్డాడు. రాజు రుడాల్ఫ్ ఆయన్ని ఎన్సిస్‌హైమ్ కోటలో బంధించాడు. ఆయన్ని విడిపించడానికి యూదులు పెద్ద మొత్తం పోగుచేశారు. తర్వాతి శతాబ్దాలవాళ్ళు రాసిపెట్టిన కథనం ప్రకారం, ఆయనే వద్దన్నాడు. బందీల విడుదలకు మితిమీరిన ధర చెల్లించకూడదని యూదు ధర్మశాస్త్రంలో పాత నియమం ఉంది. చెల్లిస్తే పట్టుకునేవాడికి అది వ్యాపారమవుతుంది. ఇవాళ నా కోసం ఇస్తే రేపు ఇంకో రబ్బీని పట్టుకుంటారు. ఆయన లెక్క అది. గొప్ప పండితుడి విషయంలో ఆ నియమాన్ని సడలించవచ్చని వాదించే వీలు ఉంది. ఆయన ఆ వాదన తన కోసం వాడుకోలేదు. ఏడేళ్ళు ఖైదులో ఉండి 1293లో అక్కడే చనిపోయాడు.

నాకు ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చూడటం అలవాటైంది. మెక్లాయ్ తనకు తెలిసిన ఊరికోసం నియమం పక్కన పెట్టించాడు. మేయిర్ తనకోసమే నియమం పక్కన పెట్టనివ్వలేదు, ఎందుకంటే దాని ఖర్చు తనకు ముఖం తెలియని ఎవరో, ఎప్పుడో కట్టాలి. ఇంకా పుట్టని బందీ ముఖాన్ని ఊహించగలిగాడు ఆ మనిషి. అది ఎంతమందికి సాధ్యం? నాకైతే సాధ్యం కాదనే అనుకుంటాను. నాకే కాదు, నా ఇంట్లోవాళ్ళెవరన్నా అలాంటి నిర్ణయం తీసుకుంటే మెచ్చుకునే స్థితిలో కూడా ఉండను. ఆయన భార్యాపిల్లలకు ఏమనిపించి ఉంటుందో ఏ కథనమూ చెప్పదు.

ఆయన పోయిన ఐదేళ్ళకు, 1298లో, రింట్‌ఫ్లైష్ అనేవాడు రెచ్చగొట్టిన మూకలు ఈ ఊరి యూదుల మీద పడ్డాయి. సుమారు 450 మందిని చంపారు. ఆఖర్న మిగిలినవాళ్ళు కోటలో తలదాచుకున్నారు, వాళ్ళనీ చంపారు. ఆ కోట ఇప్పుడు లేదు, దాని చోటే ఇవాళ్టి బుర్గ్‌గార్టెన్ అనే తోట. టౌబర్ లోయ మీదుగా సూర్యాస్తమయం చూడ్డానికి అందరూ వెళ్ళేది అక్కడికే. ఒక స్మారకశిల ఉంది, చూస్తే కనిపిస్తుంది. తర్వాత మళ్ళీ యూదులు వచ్చి స్థిరపడ్డారు. 1520లో మొత్తంగా వెళ్ళగొట్టారు. పందొమ్మిదో శతాబ్దం చివరలో మళ్ళీ కొన్ని కుటుంబాలు వచ్చాయి. 1938 అక్టోబరులో, దేశమంతటా నవంబరు హింస మొదలవడానికి ముందే, ఈ ఊరు వాళ్ళలో ఆఖరివాళ్ళను తరిమేసి పండగ చేసుకుంది. నాజీలకు రోటెన్‌బుర్గ్ అంటే ప్రాణం. కార్మికులను రైళ్ళలో తీసుకొచ్చి 'చూడండి, అసలైన జర్మన్ ఊరంటే ఇదీ' అని చూపించేవాళ్ళు. ఊరి ద్వారాలకు యూదు వ్యతిరేక ఫలకాలు తగిలించారు.

అంటే నాజీలు ప్రేమించిన అందమూ, మెక్లాయ్ వాళ్ళమ్మ ప్రేమించిన అందమూ ఒకటే. ఆ గోపురాలే, ఆ వాలు పైకప్పులే. బొమ్మలో ఊరు నిశ్శబ్దంగా, శుభ్రంగా, ఎవరికీ చెడు చేయనట్టు ఉంటుంది. సిఫారసు ఉత్తరం లక్షణమే అది, మంచి మాత్రమే రాస్తారు. చిన్నపిల్లలు కూడా చనిపోతారు కాబట్టి ఒక ఊరి మీద బాంబు వేయకూడదు అనడానికి ఆ ఊరు అందంగా ఉండాల్సిన పని లేదు. ఆ ఊరు నేరం చేసి ఉన్నా సరే. 1949 జెనీవా ఒప్పందం పౌరుల రక్షణనూ, 1954 హేగ్ ఒప్పందం సాంస్కృతిక కట్టడాల రక్షణనూ నియమాలుగా రాసినప్పుడు చేయాలనుకున్నది ఇదే: ఎవరి అమ్మ ఏ ఊరు చూసిందన్నదానితో పని లేకుండా చేయడం. హేగ్ ఒప్పందంలో కూడా 'తప్పనిసరి సైనిక అవసరం' ఉంటే తప్ప అని ఒక కిటికీ వదిలారు. ఆ కిటికీ దగ్గర ఎప్పుడూ ఒక అధికారి ఉంటాడు, ఆయన చిన్నప్పుడు ఏ బొమ్మలు చూసి పెరిగాడన్నది మళ్ళీ లెక్కలోకి వస్తుంది.

మేయిర్ కథకి ఒక కొస మిగిలింది. చనిపోయాక కూడా ఆయన శవాన్ని ఇవ్వలేదు. పద్నాలుగేళ్ళు కోటలోనే ఉంచారు. 1307లో వింప్‌ఫెన్ ఊరికి చెందిన అలెగ్జాండర్ అనే వర్తకుడు డబ్బు కట్టి విడిపించాడు. బతికుండగా ఆయన వద్దన్న పనే. బదులుగా ఆయన పక్కన తనను పాతిపెట్టమని మాత్రం అడిగాడు. వోర్మ్స్ ఊళ్ళో పాత యూదుల శ్మశానంలో రెండు సమాధిరాళ్ళూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. చూడవచ్చినవాళ్ళు వాటి మీద గులకరాళ్ళు పెడతారు. ఏవో కోరికలు రాసుకొచ్చిన కాగితం ముక్కలు మడిచి, వాన కొట్టుకుపోకుండా, వాటి కింద పెట్టి వెళ్తారు.